తొలినాటి ఖురాన్ ప్రతులు: అక్షరం ఎలా ఎదిగింది, బంగారం ఎక్కడ చేరింది

మీరు అడిగింది ఇదీ: దోహాలోని ఇస్లామిక్ కళల మ్యూజియంలో నీలం తోలు మీద బంగారు అక్షరాలున్న ఖురాన్ పుట చూశారు. చిన్నప్పటి నుంచి ఖురాన్ చదివే అలవాటున్నా అందులో ఒక్క పదమూ పట్టుబడలేదు. అది కూఫీ లిపి అని పక్కవాళ్ళు చెప్పారు. ఎందుకు చదవలేకపోయాను, ఈ కూఫీ నిజంగా కూఫా నగరంలో పుట్టిందేనా, బొమ్మలే లేని పుస్తకాల్లో ఆ బంగారు పువ్వులూ పట్టీలూ ఎందుకొచ్చాయి అని మూడు ప్రశ్నలు.

అరబీ, ఫార్సీ చేతిరాత ప్రతులకు కాటలాగు రాసే పనిలో నాకు ఇరవై ఎనిమిదేళ్ళు గడిచాయి. ఈ మూడు ప్రశ్నలూ విడివిడిగా కనిపిస్తాయి కానీ జవాబు ఒకచోటే ఉంది. ఆ పుటల మీద మనం అందం అనుకునే ప్రతి గుర్తూ మొదట చదివేవాడు తప్పు పోకుండా ఉండేందుకు పెట్టినదే. అందం ఆ తరువాత, ఆ గుర్తు పెట్టిన చోటే పెరిగింది. కాస్త పొడుగ్గా చెబుతాను, ఓపిక పట్టండి.

ముందు, చదవలేకపోయినందుకు మీరు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. మీరు నేర్చుకున్న అరబీలో చుక్కలున్నాయి, జబర్, జేర్, పేష్ అనే అచ్చుల గుర్తులున్నాయి. ఆ నీలం పుట మీద అవేవీ లేవు. బా, తా, సా, నూన్, యా అనే అయిదు అక్షరాలూ పదం మధ్యలో ఒకేలా, చిన్న పన్నులా ఉంటాయి. చుక్క ఒకటా, రెండా, మూడా, పైనా, కిందా అన్నదాన్ని బట్టే ఏది ఏదో తెలిసేది. చుక్కలు తీసేస్తే ఒక్క పన్నుకి అయిదు అర్థాలు. పైగా ఆ పుటలో ప్రతి పంక్తీ రెండు అంచుల మధ్య కొలిచినట్టు సరిపోవాలి. అందుకని రాసినవాడు కొన్ని అక్షరాలను జానెడు పొడవున అడ్డంగా సాగదీశాడు, కొన్నిటిని కుదించాడు. పంక్తి చివర చోటు చాలకపోతే పదాన్ని మధ్యలో విరిచి మిగతాది కింద పంక్తిలో వేశాడు. పదానికీ పదానికీ మధ్య ఉన్న ఖాళీ, ఒకే పదంలో కలవని రెండు అక్షరాల మధ్య ఖాళీ, రెండూ సమానమే. ఎక్కడ పదం అయిపోయిందో కన్ను చెప్పలేదు. ఖురాన్ కంఠస్థంగా ఉన్న హాఫిజ్‌కి మాత్రం ఇదేమీ అడ్డం కాదు. మొదటి రెండు అక్షరాలు అందితే మిగతాది నాలుక మీదికి వచ్చేస్తుంది. ఆ పుట అలాంటివాళ్ళ కోసం రాసినది.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. నబాతీ లిపి నుంచి అరబీ లిపి రావడం, 328 నాటి నమారా శాసనం, ఇస్లాంకి ముందరి ఒకటి రెండు రాతి రాతలు, వీటి మీద ఎక్కువ ఆగను. మన కథకి కావలసింది తోలు మీది రాత.

2015లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం తన దగ్గరున్న రెండు ఖురాన్ ఆకుల మీద రేడియోకార్బన్ పరీక్ష ఫలితం బయటపెట్టింది. ఆ తోలు 568, 645 మధ్యదని 95 శాతానికి పైగా నమ్మకంతో తేలింది. వార్తాపత్రికలు హోరెత్తించాయి. ఒక మాట గుర్తుంచుకోండి: ఆ పరీక్ష జంతువు ఎప్పుడు చచ్చిపోయిందో చెబుతుంది, సిరా ఎప్పుడు పడిందో చెప్పదు. అయినా లిపి చూస్తే అది 7వ శతాబ్దపు చేయి అనడానికి నాకు సందేహం లేదు. ఆ శైలిని హిజాజీ అంటారు. నిలువు గీతలన్నీ కుడివైపు వాలి ఉంటాయి, గాలికి ఒరిగిన వరిచేనులా. అలిఫ్, అంటే నిలువు గీతలా ఉండే మొదటి అక్షరం, అడుగున చిన్న కొక్కెం కుడికి తిరుగుతుంది. పంక్తులు సమానంగా ఉండవు. తోలు ఖరీదైనది కాబట్టి అంచుల దాకా రాసేశారు, మార్జిన్ అన్నదే లేదు. వీటితో పాటు ఒకప్పుడు ఒకే పుస్తకంలో ఉండిన ఆకులు పారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. అవి ఈజిప్టులో ఫుస్తాత్ నగరపు అమ్ర్ మసీదు నుంచి వెళ్ళినవి. అదే మసీదు నుంచి వచ్చిన మరో ప్రతిని ఫ్రాంస్వా దెరోష్ అనే పండితుడు కూలంకషంగా పరిశీలించి, అందులో అయిదుగురి చేతిరాత ఉందని తేల్చారు. ఒకే పుస్తకం, అయిదు చేతులు, అయిదు అలవాట్లు. అంటే అప్పటికి ‘ఇలాగే రాయాలి’ అనే కట్టుబాటు ఇంకా ఏర్పడలేదు.

ఆ హిజాజీ పుటల్లో అలంకారం ఏముంది? దాదాపు ఏమీ లేదు. ఆయత్, అంటే ఖురాన్ వాక్యం, అయిపోయిన చోట నాలుగైదు చిన్న ఏటవాలు గీతలు, అంతే. సూరాకీ సూరాకీ, అంటే అధ్యాయాల మధ్య, ఒక పంక్తి ఖాళీ. ఈ రెంటినీ బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తరువాతి వెయ్యేళ్ళ బంగారమంతా ఈ రెండు చోట్లలోనే మొలిచింది.

మార్పు ఉమయ్యద్ వంశపు అబ్దుల్ మాలిక్ ఖలీఫా కాలంలో వచ్చింది. జెరూసలేంలో డోమ్ ఆఫ్ ది రాక్ లోపల హిజ్రీ 72 (691-92) నాటి మొజాయిక్ శాసనం ఉంది. దాదాపు 240 మీటర్ల పొడవు, బంగారు అక్షరాలు. హిజ్రీ 77లో అదే ఖలీఫా దీనార్ మీద రాజుగారి బొమ్మ తీసేసి కేవలం అక్షరాలు పెట్టించాడు. కార్యాలయాల్లో గ్రీకు, పహ్లవీ పోయి అరబీ వచ్చింది. ఇలా లిపి రాజ్యానికి ముఖమైంది. ముఖమయ్యాక వంకర నిలవదు కదా, ఒరిగిన గీతలు నిటారుగా లేచాయి, పంక్తులు సమానమయ్యాయి.

1972లో యెమెన్‌లోని సనా పెద్ద మసీదు మరమ్మతుల్లో పైకప్పు సందులో వేల కొద్దీ పాత తోలు ముక్కలు దొరికాయి. చిరిగిన ఖురాన్‌ను పారేయకూడదు కాబట్టి తరతరాలుగా అక్కడ దాచిపెట్టినవి. వాటిలో ఒక ఉమయ్యద్ కాలపు పెద్ద ప్రతి ఉంది, పుట ఎత్తు దాదాపు అర మీటరు. దాని మొదట్లో ఎదురెదురుగా రెండు పుటల నిండా కట్టడాలు గీశారు: వరసల కొద్దీ కమానులు, వాటి కింద వేలాడే దీపాలు. మనిషి లేడు, పక్షి లేదు. ఖురాన్ పుస్తకంలోకి వచ్చిన తొలి నిండు పుట చిత్రాల్లో ఇవి ఉన్నాయి. పుస్తకం తెరిస్తే మసీదు లోపలికి అడుగుపెట్టినట్టు అనిపించాలన్నది వాళ్ళ ఊహ అని నాకనిపిస్తుంది. ఈ దారి మాత్రం అక్కడే ఆగిపోయింది, తరువాతి వాళ్ళు కట్టడాలు వదిలి గీతల అల్లికలకీ, తీగలకీ మళ్ళారు.

ఇక చుక్కల సంగతి. ఇక్కడ ఒక పొరపాటు అందరూ చేస్తారు, అరబీలో మొదట అక్షరాల చుక్కలే లేవని. హిజ్రీ 22 (643) నాటి పపైరస్ రసీదు ఒకటి వియన్నాలో ఉంది, దానిలో కొన్ని అక్షరాలకు చుక్కలున్నాయి. అంటే చుక్క తెలుసు, అవసరమనిపించిన చోటే పెట్టేవారు. అచ్చుల గుర్తులు వేరే కథ. అబుల్ అస్వద్ అద్‌దువలీ అనే బస్రా పండితుడు తన ముందు ఒక లేఖకుణ్ణి కూర్చోబెట్టుకుని ఇలా చెప్పాడని సంప్రదాయం: ‘నేను నోరు తెరిస్తే అక్షరం మీద చుక్క పెట్టు, పెదవులు ముడిస్తే పక్కన పెట్టు, కిందికి దించితే కింద పెట్టు.’ ఫత్‌హా అంటే తెరవడం, జమ్మా అంటే కలపడం, కస్రా అంటే విరవడం. పేర్లలోనే నోటి కదలిక ఉంది. ఈ చుక్కలు సిరాతో కాక ఎర్ర రంగుతో పెట్టేవారు, అల్లాహ్ వాక్కు నలుపులో, మనిషి సాయం ఎరుపులో. మదీనాలో హమ్‌జా అనే గుర్తుకి పసుపు కూడా వాడేవారు. పెద్దలు కొందరికి ఇది నచ్చలేదు. ఇమామ్ మాలిక్ పిల్లలు చదువుకునే ప్రతుల్లో చుక్కలకు ఒప్పుకుని, ప్రధాన ప్రతుల్లో వద్దన్నాడని చెబుతారు.

తరువాత 8వ శతాబ్దంలో ఖలీల్ ఇబ్న్ అహ్మద్ ఆ చుక్కల బదులు చిన్న అక్షరాలు పెట్టాడు. మీరు వాడే పేష్, అంటే జమ్మా, ఒక బుల్లి వావ్ అక్షరం. జబర్, అంటే ఫత్‌హా, పడుకోబెట్టిన బుల్లి అలిఫ్. అయినా ఖురాన్ ప్రతుల్లో ఎర్ర చుక్కలు ఇంకో రెండు వందల ఏళ్ళు పోలేదు. నలుపు అక్షరాల మీద చల్లిన ఎర్ర చుక్కలు చూసి చాలామంది అలంకారం అనుకుంటారు. చదువుకునే సాయం అది.

కూఫీ మాటకొద్దాం. ఆ పేరు వాడకంలో పడిపోయింది కాబట్టి నేనూ వాడతాను, కానీ అది కూఫాలో పుట్టిందనడానికి ఆధారం లేదు. అదే లిపి దమాస్కస్‌లో, ఫుస్తాత్‌లో, సనాలో, ట్యునీషియాలోని కైరవాన్‌లో దొరికింది. 10వ శతాబ్దంలో బాగ్దాద్ పుస్తక వ్యాపారి ఇబ్న్ అన్‌నదీమ్ తన గ్రంథసూచిలో మక్కా, మదీనా, బస్రా, కూఫా లిపుల పేర్లు చెప్పాడు గానీ కూఫా లిపి ఎలా ఉంటుందో వర్ణించలేదు. తరువాతి యూరప్ పండితులు కోణాల లిపి అంతటికీ ఆ పేరు తగిలించారు. ఇప్పుడు పండితులు, ఉమయ్యద్‌ల తరువాత వచ్చిన ఖలీఫా వంశం పేరుతో, ‘తొలి అబ్బాసీ లిపులు’ అంటూ వర్గాలుగా విడదీస్తున్నారు, అది సరైన పద్ధతి. ఈ గందరగోళం ఎంతవరకు వెళ్ళిందంటే తాష్కెంట్‌లో ఉన్న పెద్ద కూఫీ ప్రతిని ఖలీఫా ఉస్మాన్ స్వయంగా చదువుతూ చనిపోయిన ప్రతి అని భక్తితో చూపిస్తారు. ఆ భక్తిని నేను తక్కువ చేయను, కానీ ఆయన పోయింది 656లో, ఆ చేతిరాత దానికి వందేళ్ళ తరువాతి మాటే.

ఈ కాలంలో పుస్తకం ఆకారమే మారింది. నిలువుగా ఉండే పుట అడ్డంగా తిరిగింది, మన తాటాకు పుస్తకంలా వెడల్పెక్కువ, ఎత్తు తక్కువ. క్రైస్తవుల సువార్త పుస్తకాల నుంచి చూడగానే వేరుగా కనిపించాలన్న ఉద్దేశం ఒక కారణం కావచ్చునంటారు. అడ్డంగా తిరిగిన పుటలో అక్షరం కూడా అడ్డంగా సాగింది. దమాస్కస్ గవర్నర్ అమాజూర్ హిజ్రీ 262 (876)లో టైర్ (అరబీలో సూర్) నగరపు మసీదుకి దానం చేసిన ముప్పై సంపుటాల ఖురాన్‌లో పుటకి మూడంటే మూడే పంక్తులు. ఎన్ని గొర్రెల తోలు పట్టిందో ఊహించుకోండి. అలాంటి ఆకు చేతిలోకి వస్తే నేను ముందు రెండు వైపులా తడిమి చూస్తాను. బొచ్చు వైపు పచ్చగా, కాస్త గరుకుగా ఉండి సిరాను పట్టి ఉంచుతుంది. మాంసం వైపు తెల్లగా, నున్నగా ఉంటుంది, అక్కడ మాచికాయ, అన్నభేది కలిపిన గోధుమ రంగు సిరా పెచ్చులుగా రాలిపోయి అక్షరం నీడ మాత్రం మిగులుతుంది. ఒకే ఆకు, ఒకే రోజు రాసిన రాత, ఒక వైపు కొత్తగా, ఇంకో వైపు వెయ్యేళ్ళ పాతగా కనిపిస్తుంది.

ఇప్పుడు మీ బంగారు పువ్వులు. ఆయత్ చివర ఉండే ఆ చిన్న గీతలు ముందు గుండ్రటి చుక్కల గుంపయ్యాయి, తరువాత బంగారు పువ్వయ్యాయి. అయిదు ఆయత్‌లకొకసారి బంగారు హా అక్షరం పెట్టారు, ఎందుకంటే అక్షరాలకు అంకెల విలువనిచ్చే అబ్జద్ లెక్కలో హా విలువ 5. పదేసి ఆయత్‌లకొక పెద్ద గుండ్రం, మధ్యలో ఆ సంఖ్య చెప్పే అక్షరం. సూరాల మధ్య వదిలిన ఖాళీ పంక్తిలో ముందు తీగలు అల్లారు, తరువాత బంగారు పట్టీ వేసి అందులో సూరా పేరు, ఆయత్‌ల లెక్క రాశారు. ఆ పట్టీ చివర నుంచి మార్జిన్‌లోకి ఒక ఆకు పొడుచుకొస్తుంది, చూశారా? పుస్తకం పుటలు గబగబా తిప్పేటప్పుడు అది కంటికి తగులుతుంది, సూరా ఎక్కడ మొదలైందో అక్కడ ఆగొచ్చు. ఈ బంగారు పనిని తజ్‌హీబ్ అంటారు, చేసేవాణ్ణి ముజహ్హిబ్ అంటారు. వాక్యం మీద వాళ్ళు చెయ్యి వేయలేదు. అతుకుల దగ్గరే పని చేశారు.

ఆ నీలం ఖురాన్ ఎక్కడిదీ అంటే బాగ్దాద్ అనేవాళ్ళున్నారు, కోర్దోబా అనేవాళ్ళున్నారు, కైరవాన్ అనేవాళ్ళున్నారు. 9, 10 శతాబ్దాల నాటిదని ఎక్కువమంది మాట. కైరవాన్ పెద్ద మసీదు గ్రంథాలయానికి 1293లో రాసిన జాబితాలో నీలం తోలు మీద బంగారు రాత ఉన్న ఖురాన్ ప్రస్తావన ఉంది, ఎక్కువ ఆకులు నేటికీ ట్యునీషియాలోనే ఉన్నాయి. నేను కైరవాన్ వైపే మొగ్గుతాను, అయితే ఆ జాబితా పుస్తకం ఎక్కడుందో చెబుతుందే గాని ఎక్కడ పుట్టిందో చెప్పదని ఒప్పుకోవాలి. నాకు బాధ కలిగించేది వేరే ఉంది. మొత్తం 600 ఆకుల పుస్తకమది, తెలిసినవి సుమారు 100. ట్యునీషియా దాటినవి ఒక్కోటి ఒక్కో దేశంలో, ఒక్కో గాజుపెట్టెలో ఉన్నాయి.

కాగితం వచ్చాక కథ మళ్ళీ మలుపు తిరిగింది. 8వ శతాబ్దం చివరికి బాగ్దాద్‌లో కాగితం తయారవుతోంది. దఫ్తర్‌లో గుమాస్తాలు దాని మీద గుండ్రటి, వేగమైన రాత రాసేవారు. ఖురాన్‌కి కోణాల లిపి, కచేరీకి గుండ్రటి లిపి, ఇదీ విభజన. ఆ కచేరీ రాతకి కొలత ఇచ్చినవాడు ఇబ్న్ ముఖ్లా, అబ్బాసీ ఖలీఫాలకు మూడుసార్లు వజీర్. రాజకీయాల్లో కుడి చెయ్యి నరికించుకుని 940లో చెరసాలలో పోయాడు. ఆయన స్వహస్తంతో రాసిందని నిక్కచ్చిగా చెప్పగలిగిన పుట ఒక్కటీ మిగల్లేదు, మిగిలింది పద్ధతి.

ఆ పద్ధతి నాకు పుస్తకాల్లో అర్థం కాలేదు. చాలా ఏళ్ళ కిందట హైదరాబాద్ ఛత్తా బజార్‌లో పెళ్ళి పత్రికలు రాసే ఒక ఉస్తాద్ దగ్గర కూర్చున్నాను. ఆయన రెల్లు కలం ముక్కును ఒక చిన్న దంతపు పలక మీద ఆనించి, చాకుతో ఏటవాలుగా ఒక్క దెబ్బ వేశారు. టక్కుమని చప్పుడు వచ్చింది. ‘ఆ చప్పుడు రాకపోతే మళ్ళీ కత్ (కోత) వెయ్యాలి’ అన్నారు. సిరాలో ముంచి కాగితం మీద అలా ఆనించి కాస్త కదిపారు, పలకల చుక్క పడింది, నిలబెట్టిన చతురస్రంలా. దాని నెత్తిన ఇంకోటి, ఇంకోటి, ఏడు పేర్చారు. పక్కన ఒకే గీతలో అలిఫ్ రాశారు. సరిగ్గా ఏడో చుక్క కొసకి వచ్చి ఆగింది. ఆ అలిఫ్‌ను అడ్డకొలతగా పెట్టి వలయం గీస్తే మిగతా అక్షరాల వంపులు అందులోంచి వస్తాయి. కలం లావైతే చుక్క పెద్దది, అలిఫ్ పెద్దది, అన్నీ దాని ప్రకారమే. స్కేలు అక్కర్లేదు, కొలబద్ద కలం ముక్కులోనే ఉంది. శైలిని బట్టి చుక్కల లెక్క మారుతుంది, సూత్రం మారదు. ఆ తరువాత రెండు నెలలు ఆయన నన్ను చుక్కలు తప్ప ఇంకేం రాయనివ్వలేదు.

ఇబ్న్ ముఖ్లా లెక్కకి ఊపిరి పోసినవాడు ఇబ్న్ అల్ బవ్వాబ్. బవ్వాబ్ అంటే దర్వాను, ఆయన దర్వాను కొడుకు. షీరాజ్ గ్రంథాలయంలో ఇబ్న్ ముఖ్లా రాసిన ముప్పై భాగాల ఖురాన్‌లో ఒక భాగం పోతే, దాన్ని తాను రాసి చేర్చాడనీ, ఏది కొత్తదో అమీర్ కనిపెట్టలేకపోయాడనీ ఒక కథ ఉంది. కథ అలా ఉంచితే, ఆయన హిజ్రీ 391 (1000-01)లో బాగ్దాద్‌లో రాసిన ఖురాన్ డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ గ్రంథాలయంలో ఉంది. రెండు చేతుల్లో ఇమిడే చిన్న పుస్తకం, కాగితం మీద నస్ఖ్ అనే గుండ్రటి లిపి. అన్ని చుక్కలూ, అన్ని గుర్తులూ ఉన్నాయి, మీరు గడగడా చదివేయగలరు. మొదటి అలంకార పుటల్లో ఏం రాశాడో తెలుసా? ఎన్ని సూరాలు, ఎన్ని ఆయత్‌లు, ఎన్ని పదాలు, ఎన్ని అక్షరాలు. లెక్కల పట్టికకి బంగారు అల్లిక చుట్టాడు.

మగ్రిబ్‌లో, అంటే ఉత్తర ఆఫ్రికా పడమటి భాగంలో, మాత్రం తోలు పోలేదు. ఇరవై ఏళ్ళ తరువాత, హిజ్రీ 410లో, కైరవాన్‌లో జీరీ వంశపు రాజకుటుంబంలో దాది అయిన ఫాతిమా ఒక ఖురాన్ రాయించి మసీదుకిచ్చింది. పుటకి అయిదు పంక్తులు. లావు గీత, సన్న గీత, అడుగున కత్తిలా దూసుకుపోయే వంపులు. రాసింది, చుక్కలు పెట్టింది, బంగారం అద్దింది, బైండు చేసింది అలీ ఇబ్న్ అహ్మద్ అల్ వర్రాఖ్ ఒక్కడే, పర్యవేక్షించింది దుర్రా అనే లేఖకురాలు అని అందులోనే రాసి ఉంది. అంతకు ముందరి పుస్తకాల్లో చాలావాటికి చేసినవాళ్ళ పేర్లే లేవు. అందుకని ఈ మూడు పేర్లూ నాకు చుట్టాల్లా అనిపిస్తాయి.

చివరిగా 1298లో పోయిన యాఖూత్ అల్ ముస్తఅసిమీ. కలం ముక్కును మరింత ఏటవాలుగా కోసి ఆరు లిపులను, అంటే సులుస్, నస్ఖ్, ముహఖ్ఖఖ్, రైహాన్, తౌఖీ, రిఖా, వాటి పరాకాష్ఠకి తెచ్చాడని పేరు. సెలవుకి హైదరాబాద్ వస్తే సాలార్‌జంగ్ మ్యూజియంలో యాఖూత్ రాసినదిగా చూపే ఖురాన్ ఉంది, జహంగీర్, షాజహాన్, ఔరంగజేబుల సంతకాలు దాని మీద ఉన్నాయని మ్యూజియం చెబుతుంది. యాఖూత్ పేరుతో శిష్యులూ, ఆ తరువాతి వాళ్ళూ చాలా రాశారు కాబట్టి ఆయన సంతకం కనబడగానే నమ్మకూడదన్నది మా వృత్తిలో మొదటి పాఠం. అయినా ముగ్గురు పాదుషాలు చేతుల్లోకి తీసుకున్న పుస్తకం మూసీ ఒడ్డున ఉందంటే వెళ్ళి చూడాల్సిందే.

దోహాలో మళ్ళీ ఆ నీలం పుట ముందు నిలబడినప్పుడు బంగారాన్ని వదిలేసి అక్షరాల మధ్య వెతకండి. అక్కడక్కడా మసకబారిన గుండ్రటి మచ్చలు కనిపిస్తాయి, మరకలనుకుని దాటిపోయి ఉంటారు. అవి వెండి పువ్వులు. గాలికి నల్లబడిపోయాయి. ఒక్కో మచ్చ దగ్గర ఒక్కో ఆయత్ ముగుస్తుంది, అక్కడి నుంచి చదవడం మొదలుపెట్టి చూడండి.